ఎదకు రాని పడ్డ చూడి కట్టిన తీరు

పర్లాకిమిడి దగ్గరి మా పల్లెలో, నా ముర్రా జాతి గేదె పడ్డకు మూడున్నరేళ్లు నిండినా ఎద కనిపించకపోవడంతో, ఒక్క హార్మోన్ ఇంజెక్షన్ చాలుననుకొని పశువైద్యుణ్ణి పిలిచాను. ఆయన అండాశయాలను పరీక్షించి, అవి నునుపుగా, అంటే ఇంకా పని మొదలుపెట్టకుండా ఉన్నాయనీ, కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే గ్రంథి) లేనప్పుడు, దాన్ని కరిగించి ఎద తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ హార్మోన్ ఒక్కటే పనిచేయదనీ వివరించి, ముందు నట్టల మందు తాగించి, దాణాతోపాటు రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టమన్నారు. వట్టి వరిగడ్డితో పెంచిన తప్పు నాదే.

నాలుగు నెలలకు, టేపు కొలత ప్రకారం పడ్డ 300 కిలోలు దాటాక, జీఎన్ఆర్‌హెచ్ (అండం విడుదలకు తోడ్పడే హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి, యోనిలో ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను మెల్లగా వదిలే పరికరం అమర్చారు. 7 రోజులకు దాన్ని తీసి ప్రోస్టాగ్లాండిన్, మరో 2 రోజులకు మళ్లీ జీఎన్ఆర్‌హెచ్ ఇచ్చారు. గేదెల్లో మూగ ఎద (లక్షణాలు బయటపడని ఎద) ఎక్కువ కాబట్టి, అరుపు కోసం ఎదురుచూడకుండా మరునాడే కృత్రిమ గర్భధారణ సూది చేయించాను. మొదటిసారి నిలవలేదు, డబ్బు పోయిందని ఇంట్లో గొణిగారు కూడా. అయితే 21 రోజులకు తానే ఎదకు వచ్చి, రెండో సూదికి చూడి కట్టింది.