ముసురు పట్టిన వారం తర్వాత బెదిరే గుర్రం: దాణా డబ్బాతో మొదలుపెట్టండి

వారానికి ఆరు రోజులు, రోజుకు గంట పని చేసే గుర్రం. ముసురు పట్టి మైదానం బురదయ్యింది, అయిదు రోజులు కొట్టంలోనే నిలబడింది. ఆరో రోజు జీను కట్టి బయటికి తీస్తే, రోజూ పక్కనుంచే పోయే నీళ్ల డ్రమ్ముని చూసి అడ్డంగా ఎగిరింది. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి, ఆ తర్వాత రైడింగ్ స్కూళ్లకు చేరే థరోబ్రెడ్లలో ఇది మరీ ఎక్కువ.

పొగరెక్కిందంటారు. అది పొగరు కాదు, లెక్క తప్పడం. నెలల తరబడి కూడిన దమ్ము రెండు వారాల విశ్రాంతికి పెద్దగా తరగదు. పని ఆగింది, దమ్ము ఉంది, దాణా పాత కొలతే పడుతోంది. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్న సామెత మన కొట్టాల్లో అక్షరాలా నడుస్తుంటుంది.

దాణా

450 కిలోల గుర్రానికి పూర్తి పనిలో రోజుకు 5 కిలోల దాణా వేస్తున్నారనుకుందాం: ఓట్స్, బార్లీ, ఉడికించిన ఉలవలు, గోధుమ తవుడు. పని సగమైతే దాణా ఆ పూటే సగం. పూర్తిగా ఆగితే కిలో, కిలోన్నర చాలు, అదీ ఉప్పూ ఖనిజ మిశ్రమమూ కలిపి పెట్టడానికి. ముందు తీసేయాల్సినవి ఓట్స్, బార్లీ, మొక్కజొన్న. ‘పాపం, ఉలవలైనా తిననీ’ అని సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జాలిపడతాడు. వాటినీ తగ్గించాల్సిందే.

తగ్గించిన చోట ఎండుగడ్డి పెరగాలి. రోజుకు 8 నుంచి 10 కిలోలు, నాలుగు పూటలుగా, పెద్ద మోపు రాత్రికి. గుర్రం మేసినా మేయకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి, పుండ్లు పడ్డ గుర్రం ఇంకా చిరాగ్గా ఉంటుంది. బెదురు తగ్గాలని గడ్డి తగ్గించడం అన్నిటికన్నా చెడ్డ పని.

ఇక కొలత సంగతి. చాలా చోట్ల దాణా తూచరు, డబ్బాతో పోస్తారు. అదే డబ్బాలో తవుడు తూగేది ఓట్స్‌లో సగం కూడా ఉండకపోవచ్చు. ‘రెండు డబ్బాలు’ అంటే ఎంతో ఎవరికీ తెలియదన్నమాట. ఒక్కసారి కాటా మీద ఒక్కో రకం దాణానీ విడిగా తూచి, కిలో ఎక్కడికొస్తుందో డబ్బాకి లోపల పెయింటుతో గీత పెట్టండి. ఆ రోజు కొలత కొట్టం తలుపు మీద సుద్దతో రాయండి. సైసు మారినా గీత మారదు.

దాణా తగ్గించకపోతే బెదురు ఒక్కటే కాదు నష్టం. సెలవు రోజు నిండా తిని మర్నాడు పనికి దిగిన కొన్ని గుర్రాలకు పావుగంటలోనే అడుగులు కురచవుతాయి, చెమట కారుతుంది, వెనక తొడలు చెక్కలా బిగుసుకుంటాయి, మూత్రం కాఫీ రంగులో రావచ్చు. అక్కడికక్కడే దిగి నిలబెట్టండి. కొట్టం దాకా నడిపించకండి, నడిస్తే కండ ఇంకా దెబ్బతింటుంది. నీళ్లు అందుబాటులో పెట్టి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి.

వాన ఉన్నా కాళ్లు కదలాలి

రోజుకు రెండుసార్లు, 20 నుంచి 30 నిమిషాలు చేత్తో నడిపించండి. ఊరికే తలతాడుతో కాదు, కళ్లెం వేసి, మూడు మీటర్ల తాడుతో, చేతికి తొడుగులతో. తాడు అరచేతికి చుట్టుకోవద్దు. ముందు నడవద్దు, గుర్రం భుజం పక్కన నడవండి. వాన తెరిపిచ్చినప్పుడు చిన్న ఆవరణలో వదలవచ్చు, కానీ ముందు పావుగంట నడిపించాకే. కొట్టం తలుపు తీసి నేరుగా వదిలితే బురదలో జారి పడేది అప్పుడే.

లాంజింగ్‌తో (పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని మీ చుట్టూ తిప్పడం) ‘అలసిపోయేదాకా తిప్పండి’ అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. దమ్మున్న గుర్రాన్ని అలసిపోయేలా తిప్పితే దమ్ము ఇంకా పెరుగుతుంది, కీళ్లు అరుగుతాయి. 15 నుంచి 20 నిమిషాలు, పెద్ద వలయంలో, మూడు నాలుగు నిమిషాలకోసారి దిశ మార్చి, నడక నుంచి దుడుకుకూ (ట్రాట్, నడకకన్నా వేగమైన అడుగు) దుడుకు నుంచి నడకకూ మారుస్తూ. చెవి మీ వైపు తిరిగి, మెడ కిందికి దిగితే చాలు, ఆపేయండి. నేల జారుడుగా ఉంటే అసలు వద్దు. స్వారీ కోసం మత్తుమందు ఇచ్చి ఎక్కడం మాత్రం ఎప్పుడూ వద్దు: మత్తులో ఉన్న గుర్రం తూలుతుంది, అయినా బెదరగలదు.

మళ్లీ ఎక్కే రోజు

గాలి తక్కువగా ఉన్న వేళ చూసుకోండి, నిదానమైన ముసలి గుర్రాన్ని తోడు తెచ్చుకోండి. వినాయక చవితి డప్పులు మోగే వారంలోనైతే ఊరేగింపు వేళ తెలుసుకునే బయల్దేరండి. గుర్రం మెడ చుట్టూ పాత రికాబు పట్టీ ఒకటి కట్టండి. ఎగిరినప్పుడు దాన్ని పట్టుకుంటే గుర్రం నోరు లాగకుండా జీనులో నిలదొక్కుకోవచ్చు. మొదటి పావుగంట నడకే, కానీ ఊరికే నిలబెట్టకుండా: మలుపులు, ఎనిమిది అంకెలు, ఆపడం, కదపడం.

కుడివైపు ఎరువు కుప్ప మీద నీలం పట్టా కప్పి ఉంది, గాలికి అంచు లేస్తోంది. గుర్రం ఎగరకముందే చెబుతుంది: రెండు చెవులూ అటే నాటుకుంటాయి, దవడ కింద మెడ బిగుస్తుంది, జీను కింద నడుము గట్టిపడుతుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. పని చేయాల్సింది అప్పుడు. పట్టా వైపు మీరు చూడకండి, దాటిన తర్వాత వెళ్లే చోటు చూడండి. తలని కొద్దిగా ఎడమకు తిప్పండి, ఎడమ కాలితో పక్కటెముకల్ని నొక్కి ఉంచండి. పట్టాకి దూరంగా జరగాలనుకునే గుర్రాన్ని ఆ కాలు ఆపుతుంది. రెండు పగ్గాలూ ఒకేసారి లాగితే ‘అవును, భయపడాల్సిందే’ అని మీరే చెప్పినట్టు. దగ్గరికి తీసుకెళ్లి వాసన చూపించి తీరాలన్న పట్టుదలా వద్దు. పది మీటర్ల దూరంలో మూడుసార్లు, అయిదు మీటర్లలో మూడుసార్లు దాటిస్తే సరిపోతుంది.

పరుగందుకుంటే ఒక పగ్గంతో వలయంలోకి తిప్పండి. బురదలో ఆ వలయం పెద్దది కావాలి, గట్టిగా మలిస్తే గుర్రమూ మీరూ కింద పడతారు.

దాణా సరిచేసి, రోజూ కదిలిస్తూ, పది రోజులైనా బెదురు తగ్గకపోతే నొప్పి కోసం వెతకండి. ఎప్పుడూ ఒకే వైపు బెదిరితే ఆ వైపు కన్ను చూపించాలి. జీను వేయగానే చెవులు వెనక్కి వాలిస్తే, విశ్రాంతిలో వీపు కండ తగ్గి జీను సరిపోవడం లేదేమో. పళ్లు, కడుపు ఆ తర్వాత.

పని మళ్లీ పెరిగేటప్పుడు దాణా వెనకే రావాలి, ముందు కాదు. రెండు రోజులు సగం పని, మరో రెండు రోజులు ముప్పావు, ఆ తర్వాత పూర్తి పని. ప్రతి రెండు మూడు రోజులకు అర కిలో చొప్పున కలుపుతూ, ఒక పూటకి రెండు కిలోలు దాటకుండా.