జర్మనీలో కంపెనీ డిపాజిట్‌పై పడ్డ నెగెటివ్ వడ్డీని పన్ను లెక్కలో ఎలా చూపాలి?

డబ్బు దాచుకున్నందుకు బ్యాంకే ఎదురు వసూలు చేసిన రోజులు ఐరోపాలో నడిచాయి. బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బుకి ఐరోపా సెంట్రల్ బ్యాంకు ఇచ్చే డిపాజిట్ రేటు 2014 జూన్‌లో మైనస్ 0.10 శాతానికి దిగి, 2019 సెప్టెంబరులో మైనస్ 0.50కి చేరింది. 2022 జులైలో గానీ సున్నాకి రాలేదు. ఆ భారాన్ని బ్యాంకులు కంపెనీ ఖాతాల మీదికి నెట్టాయి.

ముగిసిన కథే కదా అనుకోవద్దు. 2021 రిటర్ను 2023లో వేసిన కంపెనీ విషయంలో జర్మనీ పన్ను శాఖకు మామూలుగా 2027 చివరి దాకా గడువుంటుంది. అక్కడ అనుబంధ కంపెనీ ఉన్న హైదరాబాద్ సంస్థల అకౌంట్స్ విభాగాలకూ ఈ పాత ఎంట్రీలు ఎదురుపడొచ్చు.

1. ఎవరు ఎవరికి కట్టారో చూడండి

స్టేట్‌మెంటులో పేరు ఏదైనా ఉండొచ్చు. వడ్డీ అంటే అప్పు తీసుకున్నవాళ్లు ఇచ్చినవాళ్లకు కట్టేది. ఇక్కడ డబ్బు పెట్టిన కంపెనీయే కడుతోంది. అందుకే జర్మనీ ఆర్థిక శాఖ 2015 మే 27 నాటి లేఖలో దీన్ని వడ్డీగా ఒప్పుకోలేదు, డబ్బు భద్రపరిచినందుకు తీసుకునే రుసుము లాంటిదంది. ఆ లేఖ వ్యక్తుల పెట్టుబడి ఆదాయం గురించినది. వాళ్లకు ఈ ఖర్చు విడిగా తగ్గదు, అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపులోనే కలిసిపోతుంది. కంపెనీకి ఆ చిక్కు లేదు. వ్యాపార ఖర్చుగా మొత్తం చూపొచ్చు.

2. వచ్చిన వడ్డీలోంచి కోసేయకండి

వేరే ఖాతాలో వడ్డీ వచ్చి ఉంటే దాన్ని పూర్తిగా ఆదాయంలో, దీన్ని పూర్తిగా ఖర్చులో రాయాలి. ఆదాయాన్నీ ఖర్చునీ చెల్లుకు చెల్లు వేయడం జర్మన్ వాణిజ్య చట్టం 246వ సెక్షన్ ఒప్పుకోదు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల (ఐఎఫ్‌ఆర్‌ఎస్) వివరణ కమిటీ కూడా 2015 జనవరిలో దీన్ని వడ్డీ రాబడిలో చూపకూడదనే చెప్పింది.

3. ఏ ఏడాదిదో ఆ ఏడాదిలోనే

అక్టోబరు–డిసెంబరు రుసుమును బ్యాంకు జనవరిలో కోసినా, అది పాత ఏడాది ఖర్చే.

4. ట్రేడ్ ట్యాక్స్ దగ్గర జాగ్రత్త

అసలు తేడా వచ్చేది ఇక్కడే. మునిసిపాలిటీలకు వెళ్లే ఈ పన్నులో, అప్పులపై కట్టిన వడ్డీ వగైరాల్లో (2020 నుంచి 2 లక్షల యూరోల మినహాయింపు పోను) నాలుగో వంతును మళ్లీ లాభానికి కలుపుతారు. డిపాజిట్ రుసుము కంపెనీ చేసిన అప్పుకి ప్రతిఫలం కాదు కాబట్టి అందులోకి రాదు. "వడ్డీ ఖర్చు" ఖాతాలో పడేస్తే మాత్రం సాఫ్ట్‌వేర్ దాన్నీ కలిపేసే ప్రమాదముంది. విడి ఖాతా తెరవడమే మేలు.

ఫ్రాంక్‌ఫర్ట్ కంపెనీ ఒకటి ఏడాదంతా 30 లక్షల యూరోలు ఉంచిందనుకుందాం. మొదటి లక్ష వదిలేసి, మిగతాదానిపై బ్యాంకు 0.5 శాతం తీసుకుంటే ఖర్చు 14,500 యూరోలు. సంఘీభావ సర్‌ఛార్జితో కార్పొరేట్ పన్ను 15.825 శాతం, అక్కడి ట్రేడ్ ట్యాక్స్ 16.1 శాతం. లాభాల్లో ఉన్న కంపెనీకి దాదాపు 4,629 యూరోల పన్ను తగ్గుతుంది. 2 లక్షల మినహాయింపు అప్పటికే అయిపోయిన కంపెనీ దీన్ని పొరపాటున కలుపుకుంటే అందులో దాదాపు 584 యూరోలు పోతాయి.

5. గ్రూపు లోపల వసూలైతే

క్యాష్ పూల్ (గ్రూపు కంపెనీల డబ్బంతా ఒకేచోట ఉంచే ఏర్పాటు) పేరుతో మాతృసంస్థే ఈ రుసుము తీసుకుంటే ముందే రాసుకున్న ఒప్పందం, ఆ నాటి బ్యాంకు రేట్ల రుజువు దగ్గరుంచుకోండి. బయటి బ్యాంకు అడగనంత రేటు కట్టారని పన్ను శాఖ ఆడిటర్‌కి అనిపిస్తే, ఆ అదనాన్ని చాటుగా పంచిన లాభం కింద జమకట్టి ఖర్చు కొట్టేస్తారు.