ట్యాలీ డేటా రీస్టోర్ చేసే ముందు జాగ్రత్తలు

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్టుకు లెక్కలు చూస్తాను. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో రీస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను వెనక్కి తేవడం) నొక్కే ముందు ఇవి తప్పకుండా చూసుకోండి.

- పక్క సిస్టమ్‌లో ఎవరైనా బిల్లు కొడుతుంటే ఆపమనండి. ట్యాలీలో తెరిచి ఉన్న కంపెనీని మూసేయండి.

- ఇప్పుడున్న డేటాకు ముందు తాజా బ్యాకప్ తీయండి. అదే డ్రైవ్‌లో వద్దు, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఆ పెన్‌డ్రైవ్‌ను వెంటనే సిస్టమ్ నుంచి తీసేయండి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్నవి కూడా పోతాయి.

- పాత బ్యాకప్‌ను నడుస్తున్న డేటా ఫోల్డర్‌లోకి ఎప్పుడూ తేవద్దు. అదే కంపెనీ నంబరు (ట్యాలీ ఒక్కో కంపెనీ డేటాకు ఇచ్చేది) ఉంటే పాతది కొత్తదాని మీద పడి, తర్వాత ఎక్కించిన వోచర్లన్నీ (బిల్లులు, రసీదుల ఎంట్రీలు) పోతాయి. నేనొకసారి మూడు రోజుల బిల్లులు మళ్లీ కొట్టాల్సి వచ్చింది. ఖాళీ ఫోల్డర్‌లోకి తెచ్చి, చివరి వోచర్ తేదీ, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), నగదు నిల్వ సరిచూడండి.

- ట్యాలీవాల్ట్ (కంపెనీ డేటాకు ట్యాలీలో వేసే తాళం) పాస్‌వర్డ్ ఓనరు దగ్గర కూడా ఉండాలి. మర్చిపోతే డేటా తెరుచుకోదు.

- జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. పాత బ్యాకప్‌లు చెరపకండి.