పాత తూటా దొరికితే ముందు కొన, తర్వాత అడుగుభాగం చూడండి

మన చెన్నై 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ ఫిరంగి దెబ్బలు తిన్న ఊరు. పాత ఇల్లు కూల్చేటప్పుడో, పాత సామాన్ల కొట్లోనో తూటాలు కంటపడితే ఆశ్చర్యం లేదు. కొనకు గుండు బిగిసి ఉంటే ముట్టుకోకండి, ఎన్నేళ్లదైనా పేలగలదు.

పేల్చేసిన ఖాళీ ఇత్తడి గొట్టమైతే అడుగున అక్షరాలు చదవండి. ‘కె.ఎఫ్.’ అంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ, పక్కన 43 ఉంటే 1943. గొట్టం పొడవు దాదాపు 56 మిల్లీమీటర్లుండి, అడుగు అంచు బయటికి పొడుచుకొస్తే చాలావరకు పాత బ్రిటిష్ సైన్యం వాడిన .303 రైఫిల్‌దే. నాకు అన్నిటికన్నా భయం పాత ఫిరంగుల ఇనుప గుండంటేనే. దానికి కన్నం ఉంటే లోపల పేలుడు మందు ఉండొచ్చు. తోమకండి, కదపకండి, దూరం జరిగి 112కు ఫోన్ చేయండి.