బెంగళూరులో పోలీసులనైనా ఫైర్ సర్వీసునైనా అడగాలంటే ఏ గుమ్మం తొక్కాలి

మారతహళ్లి పీజీలో ఉండే కుర్రాడి బైకు పోయినా, కె.ఆర్.పురం అపార్ట్‌మెంట్‌లో ఫైర్ పంపు ఏడాదిగా మూలనపడినా మనవాళ్లలో చాలామంది ముందు వెతికేది తెలిసిన మనిషిని. అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న ఎమ్మెల్యే చేత ఒక ఫోన్. అది కుదరకపోతే వార్డులో పాత కార్పొరేటర్ చేత ఒక మాట. ఆ ఫోన్ ఎక్కడా కాగితం మీదికి ఎక్కదు, రేపు పని జరగకపోతే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇద్దరికీ ఈ రెండు శాఖల మీద అధికారం లేదు.

రాజ్యాంగంలో పోలీసు రాష్ట్రాల జాబితాలోది. బెంగళూరు పోలీసు కమిషనర్ కర్ణాటక హోం శాఖ కింద, 1963 నాటి కర్ణాటక పోలీసు చట్టం ప్రకారం పనిచేస్తారు. అగ్నిమాపకం సంగతి కొంచెం వేరు. 1992లో వచ్చిన 74వ సవరణ దాన్ని పన్నెండో షెడ్యూల్లో చేర్చి, మున్సిపాలిటీలకు అప్పగించదగిన పని అంది. కర్ణాటక మాత్రం అప్పగించలేదు. 1964 నాటి కర్ణాటక ఫైర్ ఫోర్స్ చట్టం కింద అది ఇప్పటికీ రాష్ట్ర శాఖే, దాని పైన కూర్చునేది ఐపీఎస్ అధికారి. దీనికి తోడు 2020 సెప్టెంబరులో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ పాలకమండలి గడువు తీరాక ఐదేళ్లపాటు ఎన్నికలే జరగలేదు. 2025 సెప్టెంబరు 2న గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. ప్రతిదానికీ సొంత కమిషనర్ ఉంటారు కాబట్టి, మీ ఇల్లు సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్‌లలో దేని కిందికి వచ్చిందో ముందు చూసుకోండి. తప్పు కమిషనర్‌కు పంపిన అర్జీ సరైన బల్ల మీదికి చేరేసరికి నెల గడిచిపోతుంది.

అయితే కార్పొరేషన్ చేతిలో ఏమీ లేదనుకోవద్దు. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (అందులో ఉండొచ్చన్న అనుమతి పత్రం) ఇచ్చేది, హోటల్‌కూ దుకాణానికీ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది, రోడ్డు మీద ఆక్రమణ తీయాల్సింది అదే. పోలీసు స్టేషన్ల సీసీటీవీల మీద ఒక కన్నేసే బాధ్యత కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు, దాని గురించి కింద వివరంగా రాస్తాం.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే

ముందు చేతికి వచ్చిన కాగితం ఏమిటో చూడండి. బెంగళూరు స్టేషన్లలో మూడు రకాల కాగితాలు ఇస్తారు. ఒకటి ఎఫ్‌ఐఆర్: దానికి నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి, నకలు ఉచితంగా ఇవ్వాలి. రెండోది ఎన్‌సీఆర్ ఎండార్స్‌మెంట్: మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడని నేరాలకు ఇచ్చేది. మూడోది ఈ-లాస్ట్ రసీదు: వస్తువు పోగొట్టుకున్నామని మనంతట మనం రాసిచ్చుకున్నది, దీనిలో దర్యాప్తు ఉండదు. కాగితం కన్నడంలో ఉందని అలాగే మడిచి జేబులో పెట్టుకోకండి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, తలకట్టు తేడా పట్టుకుంటే కూడబలుక్కుని చదవొచ్చు. కనీసం పైన ఉన్న పేరు, సెక్షన్ నంబర్లు చూడండి.

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోన్ లాక్కుపోతే "పోయింది అని రాయండి, సిమ్ త్వరగా వస్తుంది" అంటారు. పోయింది అని రాసిన క్షణం అది దొంగతనం కాకుండా పోతుంది. దొంగిలించారని, ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు చూశారు అని రాయండి. ఒక మినహాయింపు ఉంది: 5,000 రూపాయల లోపు వస్తువు దొంగతనం ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో ఎన్‌సీఆర్ కిందికి రావచ్చు, కాబట్టి వస్తువు విలువ, బిల్లు తప్పనిసరిగా జతచేయండి.

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 173వ సెక్షన్ మన ఆయుధం. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కర్నూలు దాటాక రాత్రి బస్సులో లాప్‌టాప్ పోతే, పొద్దున మడివాళలో దిగి అక్కడే ఇవ్వొచ్చు. వాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఈమెయిల్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం, ఏసీపీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు చట్టం వీలిచ్చింది. "విచారణ చేస్తున్నాం" అని చెబితే ఏ తేదీన మొదలుపెట్టారో అడిగి రాసుకోండి. పదిహేనో రోజు నుంచి ఆ మాట చెల్లదు.

అప్పటికీ కట్టకపోతే మెట్లు ఇలా ఎక్కాలి. ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకెళ్లి రెండోదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే ప్రతిని ఆ రోజే స్పీడ్ పోస్టులో ఇన్‌స్పెక్టర్‌కు పంపండి. తర్వాత 173(4) కింద డీసీపీకి పోస్టులో పంపండి. చట్టంలో ఎస్పీ అని ఉంటుంది, కమిషనరేట్‌లో ఆ హోదా డీసీపీది. కవరు మీద పేరు కాదు, హోదా రాయండి: పేరు రాస్తే బదిలీ అయినప్పుడు ఉత్తరం ఆ అధికారి వెంట పోతుంది. అక్కడా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర అర్జీ, దానికి అఫిడవిట్. స్టేషన్‌కు ఇచ్చిన రుజువు, డీసీపీకి పంపిన పోస్టు రసీదు లేకుండా వేసిన అర్జీలు మొదటి రోజే తేలిపోతాయి. అందుకే కాగితం గురించి ఇంతగా చెప్పడం.

కోర్టు దాకా వెళ్లకముందు ఇంకో రెండు తోవలున్నాయి. స్టేషన్‌లో గోడకు అంటించిన లోకస్పందన క్యూఆర్ కోడ్‌లో మీ అనుభవం రాస్తే అది పై అధికారులకు కనిపిస్తుంది. నెలకోసారి శనివారం జరిగే జనసంపర్క దివసానికి సీనియర్ అధికారులు స్టేషన్లకు వస్తారు. పాత ఫిర్యాదు నకలుతో వెళ్తే అక్కడికక్కడే ఇన్‌స్పెక్టర్‌ను అడిగే అవకాశం ఉంటుంది. ఖాళీ చేతులతో వెళ్తే మాత్రం "మళ్లీ రాసివ్వండి" అన్న జవాబే వస్తుంది.

కేసు కట్టాక కూడా వదలొద్దు. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు తెలపాలని 193వ సెక్షన్ చెబుతోంది. 91వ రోజున డీసీపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి.

కొట్టారు, లంచం అడిగారు అన్నప్పుడు

ఈ రెండింటికీ గుమ్మాలు వేరు. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం లాంటి ఘోరమైన ప్రవర్తనకు పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ ఉంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత, 2012 సవరణతో కర్ణాటక దీన్ని చట్టంలో చేర్చింది. ఎస్పీ, ఆపై హోదావాళ్ల మీద రాష్ట్ర అథారిటీకి, కింది హోదావాళ్ల మీద జిల్లా అథారిటీకి వెళ్లాలి. దురుసుగా మాట్లాడారన్న ఫిర్యాదుతో ఇక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు, అది డీసీపీ దగ్గర తేలాల్సింది.

లంచానికి లోకాయుక్త. అంబేడ్కర్ వీధిలో ఎం.ఎస్. బిల్డింగ్. 2022 ఆగస్టులో హైకోర్టు ఏసీబీని (అవినీతి నిరోధక విభాగాన్ని) రద్దు చేశాక ఈ పని మళ్లీ లోకాయుక్త పోలీసులదే. ఇవ్వకముందే వెళ్లండి. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చుంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే రక్షణ. "పోనీలే, పని అయ్యింది కదా" అని ఎనిమిదో రోజుకు నెట్టినవాళ్లు ఆ రక్షణ పోగొట్టుకుంటారు.

ఇక సీసీటీవీ. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో ప్రధాన గేటు, ప్రవేశం, నిష్క్రమణ, లాకప్‌లు, కారిడార్లు, లాబీ, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, వెనక భాగం అన్నీ కనిపించేలా, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. రికార్డు 18 నెలలు ఉండాలి, అంత నిల్వ దొరకని చోట ఏడాదికి తగ్గకూడదు. కెమెరాలు పనిచేసేలా చూడాల్సింది స్టేషన్ ఇన్‌స్పెక్టర్. వాటిని పర్యవేక్షించే జిల్లా కమిటీలో రీజినల్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్ (మన దగ్గర కలెక్టర్ అంటాం), పోలీసు అధికారితోపాటు నగర మేయర్‌కూ చోటిచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఫుటేజీ చూసి హక్కుల ఉల్లంఘన ఉందేమో పరిశీలించడం ఆ కమిటీ పని. స్థానిక పాలనకు పోలీసు స్టేషన్ లోపలికి తొంగిచూసే హక్కు స్పష్టంగా ఇచ్చిన చోటు ఇది. వార్డు కమిటీలు, నివాసుల సంఘాలు దీన్ని వాడుకోకపోవడం చాలా బాధ కలిగించే విషయం.

ఘటన జరిగిన వారం లోపే ఇలా రాయండి: "ఫలానా తేదీ రాత్రి 9.40 నుంచి 11.15 వరకు ఫలానా స్టేషన్ ప్రవేశద్వారం, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది కెమెరాల ఫుటేజీని ధ్వనితో సహా చెరిపివేయకుండా భద్రపరచమని కోరుతున్నాను." ఇన్‌స్పెక్టర్‌కు, డీసీపీకి, బెంగళూరు అర్బన్ డిప్యూటీ కమిషనర్‌కు, రీజినల్ కమిషనర్‌కు నాలుగు ప్రతులు. మేయర్ ఉంటే ఐదోది. ఇక్కడ "ఇవ్వండి" అనే కంటే "భద్రపరచండి" అనే మాటే ముఖ్యం. ఇవ్వమంటే దర్యాప్తు పేరు చెప్పి నిరాకరించవచ్చు. భద్రపరచమన్న ఉత్తరం అందాక ఫుటేజీ మాయమైతే జవాబు వాళ్లే చెప్పుకోవాలి. గాయాలుంటే మానవ హక్కుల కమిషన్ ఆ ఫుటేజీ తెప్పించుకోగలదు, అక్కడ ఫిర్యాదుకు గడువు ఏడాది.

అగ్నిప్రమాదం రాకముందు అడగాల్సినవి

2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో తొమ్మిది మంది చనిపోయారు. వైర్లు వెళ్లే డక్ట్‌లో మొదలైన పొగ అంతస్తులకు ఎగబాకింది. దాని నుంచి తప్పించుకోవడానికి దూకి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి భవనం చూసేటప్పుడు ఎర్ర సిలిండర్లు లెక్కపెట్టి వచ్చేయకండి. డక్ట్ తలుపు తీసి, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య సందు మూసి ఉందో లేదో చూడండి. మెట్ల దారిలో తాళాలు చూడండి.

కాగితాలు రెండు: కట్టకముందు ఫైర్ సర్వీసు అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ, కట్టాక తనిఖీ చేసి ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్. బిల్డర్లు మొదటిది చూపించి రెండూ ఉన్నట్టు మాట్లాడతారు. రెండోది లేకుండా కార్పొరేషన్ నుంచి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎలా వచ్చిందన్నది అడగాల్సిన ప్రశ్న. ఆర్‌టీఐలో అడగండి: కర్ణాటకలో ఫీజు 10 రూపాయలు, ఒక అర్జీలో ఒకే విషయం, 150 పదాల లోపు. "ఎందుకు తనిఖీ చేయలేదు" అని రాస్తే జవాబు రాదు, ఆర్‌టీఐ కారణాలు ఇవ్వదు, కాగితాలు ఇస్తుంది. "ఈ చిరునామా భవనానికి ఇచ్చిన ఎన్‌ఓసీ, క్లియరెన్స్ సర్టిఫికెట్, చివరి తనిఖీ నివేదిక నకళ్లు ఇవ్వండి" అని రాయండి. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు.

పంపు పరీక్ష ఇలా. సంఘం కార్యదర్శి, ఎలక్ట్రీషియన్, ఇద్దరు సెక్యూరిటీ మనుషులు చాలు. అందరికన్నా పైన, పంపుకు దూరంగా ఉన్న హైడ్రెంట్ (మంటలార్పే నీటి కుళాయి) దగ్గర ఇద్దరు నిలబడి గొట్టం బిగించి వాల్వు తిప్పాలి. పంపు గదిలో ఉన్నవాళ్లు ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. పీడనం పడిపోగానే ముందు జాకీ పంపు (గొట్టాల్లో పీడనం నిలిపే చిన్న పంపు), తర్వాత ప్రధాన పంపు వాటంతట అవే మొదలుకావాలి. పైన గేజి చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల దగ్గర నిలవాలి. ఆ తర్వాత ప్రధాన పంపు కరెంటు ఆపి చూడండి, డీజిల్ పంపు అందుకోవాలి. సాధారణంగా పట్టుబడే లోపాలు: ప్యానెల్ "మాన్యువల్"లో ఉండటం, డీజిల్ ఇంజిన్ బ్యాటరీ చచ్చిపోవడం, ఎక్కడో లీకు వల్ల జాకీ పంపు పదేపదే తిరుగుతోందని దాన్ని ఆపేయడం, గొట్టం చివరి ఇత్తడి నాజిల్ దొంగల పాలవడం. సిలిండర్లలో గేజి ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజి ఉండదు, తూచి చూడాలి.

జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం ఎత్తైన భవనాల ఆవరణ గేటు 6 మీటర్లు, పైన కమాను ఉంటే దాని కింద 4.5 మీటర్ల ఎత్తు ఉండాలి. లేఅవుట్ పేరుతో కట్టుకున్న అందమైన కమానులు, ఫైర్ ఇంజిన్ తిరిగే దారిలో గీసిన విజిటర్ పార్కింగ్ గళ్లు చాలా చోట్ల దీన్ని దెబ్బతీస్తున్నాయి. ఇది శాఖ తప్పు కాదు, సంఘాలే సరిదిద్దుకోవాలి.

పక్కన రూఫ్‌టాప్ హోటల్ మీద అనుమానం ఉంటే ఫైర్ స్టేషన్ ఒక్కదానికే రాయకండి. 2023 అక్టోబరులో కోరమంగలలో భవనం పైనున్న కెఫేలో మంటలు లేచాక రూఫ్‌టాప్‌ల తనిఖీలకు దిగింది కార్పొరేషనే. ట్రేడ్ లైసెన్సు ఏటా రెన్యూవల్‌కు వస్తుంది, అభ్యంతరం కార్పొరేషన్ ఆరోగ్య అధికారికి ఆ లోపే చేరాలి. నకలు జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు. పీజీల విషయమూ అంతే. 2024లో బీబీఎంపీ ఇచ్చిన మార్గదర్శకాలు మనిషికి 70 చదరపు అడుగులు, సీసీటీవీ, అగ్ని భద్రత తప్పనిసరి చేశాయి. ఫిర్యాదుకు కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1533.

మంటలు వచ్చాక 112కు గానీ 101కు గానీ ఫోన్ చేసి, టైము రాసి పెట్టుకోండి. బండి ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అన్నది స్టేషన్ రికార్డులో ఉంటుంది. ఆలస్యం మీద అడిగేటప్పుడు మీ కాల్ లాగ్, ఆ రికార్డు పక్కపక్కన పెట్టాలి. బీమాకు కావాల్సిన ఫైర్ రిపోర్టు కోసం ఆ స్టేషన్‌కే అర్జీ ఇవ్వండి. రిపోర్టు చేతికి వచ్చాక అక్కడే నిలబడి చదవండి: ఫ్లాటు నంబరు, తేదీ, నష్టపోయిన వస్తువులు తప్పుగా పడితే బీమా కంపెనీ వాటినే పట్టుకుని క్లెయిము ఆపుతుంది.