గులాబీ పెంపకం – నాలుగో పాఠం: తోటకు ఏ రకం, కోతకు ఏ రకం

కిందటి పాఠంతో నేల, ఎండ, నీటి సంగతులు ముగిశాయి. గుంత తయారుగా ఉంది. అందులో ఏం నాటాలన్నదే ఇవాళ్టి పాఠం. చాలామంది ఈ దశలో పువ్వు ఫొటో చూసి మొక్కను ఎంచుకుంటారు. రంగు గురించి ఆలోచించే ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోమని నేనంటాను: ఈ పువ్వు కొమ్మమీదే విచ్చి రాలిపోవాలా, కోసి నీళ్లలో పెట్టాలా? అది తేలితే సగం రకాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఈ రెండు పనులకూ మొక్కలో కావలసిన గుణాలు వేరు. చాలావరకు ఒకదానికొకటి ఎదురు కూడా. తోటలో గులాబీకి గుబురైన పొద కావాలి. నేలదాకా ఆకు ఉండాలి, తెగుళ్లను తట్టుకోవాలి, ఒక విడత పూలు రాలుతుండగానే మరో విడత మొగ్గలు రావాలి, వాసన ఉంటే మరీ మంచిది. కాడ పొట్టిగా ఉన్నా, పువ్వు తల వాల్చినా నష్టం లేదు. పందిరిమీదికి పాకే రకాల్లో పువ్వు కిందికి వంగితేనే కింద నిలబడ్డవాళ్లకు ముఖం కనిపిస్తుంది. కోత గులాబీ విషయంలో పొద ఎలా ఉందో ఎవరూ చూడరు. కాడ నిటారుగా పొడుగ్గా ఉండాలి, రేకు మందంగా ఉండాలి, మొగ్గ నెమ్మదిగా విచ్చాలి, పెట్టెలో ప్రయాణించినా నలగకూడదు. తెగుళ్ల సంగతంటారా, పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పిన పెంపకపు గదిలో, వాన తగలకుండా, ఆకు తడవకుండా పెంచుతారు కాబట్టి ఆ గుణానికి రెండో స్థానమే. అలాంటి మొక్కను తెచ్చి ఆరుబయట నాటితే మొదటి వానలకే ఆకంతా రాలి, బోసి కర్రలు మిగులుతాయి. తప్పు పెంచినవారిది కాదు, మొక్కది అంతకన్నా కాదు. దాన్ని పుట్టించిందే వేరే పనికి.

వంశం కొంచెం తెలిస్తే ఎంపిక సులువు

యూరప్ పాత గులాబీల్లో చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో చైనా గులాబీలు అక్కడికి చేరాయి. వాటి కొమ్మ సన్నం, చలికి ఆగవు, కానీ విడతలు విడతలుగా పూస్తూనే ఉంటాయి. ఈ రెండు వంశాల కలయికలు తరాలపాటు సాగాక, 1867లో ఫ్రాన్స్‌కు చెందిన జాఁ బాప్తిస్త్ గియో 'లా ఫ్రాన్స్' అనే రకాన్ని తెచ్చాడు. మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా దాన్నే లెక్కిస్తారు. ఆ ఏటికి ముందే ఉన్న తరగతులు పాత తోట గులాబీలు, తర్వాత పుట్టినవి ఆధునిక గులాబీలు.

హైబ్రిడ్ టీని గుర్తుపట్టడం తేలిక. కాడకు సాధారణంగా ఒకే పెద్ద పువ్వు, మధ్యలో మొనలా లేచిన మొగ్గ, దాని చుట్టూ వెనక్కి ఒరిగే రేకులు. కోత పూల వ్యాపారమంతా ప్రధానంగా ఈ రూపం మీదే నడుస్తోంది. తోటలో మాత్రం ఈ మొక్క కొంచెం బిగుసుకుని నిలబడినట్టుంటుంది. మోకాలి కింద ఆకు పలచబడుతుంది, కాబట్టి ముందువైపు పొట్టి మొక్కలు ఉంటే మేలు.

ఈ వంశంలో ఒక మలుపును మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. 19వ శతాబ్దపు హైబ్రిడ్ టీలలో చిక్కటి పసుపు లేదు. జోసెఫ్ పెర్నే-దుషే ఏళ్ల తరబడి 'పర్షియన్ ఎల్లో' గులాబీతో సంకరాలు చేసి 1900లో 'సోలెయ్ దోర్'ను విడుదల చేశాడు. ఇవాళ మనం చూసే ముదురు పసుపు, నారింజ, రాగి రంగుల్లో అధికభాగం ఆ దారిలో వచ్చినవే. రంగుతోపాటు నల్లమచ్చ తెగులుకు లొంగే గుణం కూడా అదే దారిలో దిగింది. అందుకే పసుపు, నారింజ రకాలు కొనేటప్పుడు పువ్వుకన్నా ఆకును ఎక్కువసేపు చూడండి. ఆకు మందంగా, మెరుస్తూ, కింది వరసలు కూడా నిలిచి ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. నల్లమచ్చ శిలీంధ్రం ఆకులోకి దిగాలంటే ఆకు సుమారు ఏడు గంటలపాటు తడిగా ఉండాలి. వాన ఎక్కువ పడే చోట, సాయంత్రం పైనుంచి నీళ్లు చల్లే అలవాటు ఉన్నచోట ఈ రంగులకు గండం ఎక్కువ.

దీనికి గొప్ప మినహాయింపు 'పీస్'. లేత పసుపు రేకు, అంచున గులాబీ ఛాయ, దృఢమైన నిగనిగలాడే ఆకు. ఫ్రాన్సిస్ మెయాఁ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దీన్ని రూపొందించాడు. 1945 ఏప్రిల్ 29న అమెరికాలో దీనికి 'శాంతి' అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. 20వ శతాబ్దంలో దాని తర్వాత వచ్చిన ఎన్నో హైబ్రిడ్ టీలకు ఇది అమ్మమ్మో తాతమ్మో అవుతుంది.

తోటకు

మొదటి గులాబీ తోట వేసుకునేవారికి నా సలహా ఒక్కటే: ఫ్లోరిబండాతో మొదలుపెట్టండి. డెన్మార్క్‌కు చెందిన పౌల్సెన్ కుటుంబం చిన్నపూల పాలియాంథాలను హైబ్రిడ్ టీలతో కలిపి ఈ తరగతికి బాట వేసింది. 1924లో వచ్చిన 'ఎల్సె పౌల్సెన్' ఆ తొలి రకాల్లో ఒకటి. పువ్వు మధ్యరకం సైజు, కానీ గుత్తులుగా పూస్తుంది. గుత్తిలో ఒకటి రాలుతుంటే పక్కది విచ్చుతుంది కాబట్టి మొక్క బోసిగా కనిపించే రోజులు తక్కువ. జర్మనీ కార్డెస్ సంస్థ 1958లో తెచ్చిన తెల్లని 'ఐస్‌బర్గ్' ఈ తరగతికి మంచి నమూనా. ముళ్లు తక్కువ, పూత ఎక్కువ.

అసలు శ్రద్ధ పెట్టే తీరిక లేనివారికి పొద గులాబీలున్నాయి. విలియం రాడ్లర్ రూపొందించిన 'నాకౌట్' 2000లో మార్కెట్లోకి వచ్చింది. నల్లమచ్చను బాగా తట్టుకుంటుంది, వాడిన పూలను తుంచకపోయినా పూస్తుంది. వాసన దాదాపు లేదు, పువ్వు నిర్మాణం మామూలే. దారి పక్కన, కంచె వెంట వరసగా వేయడానికి ఇది సరిపోతుంది. దగ్గరగా వెళ్లి ముఖం పెట్టి చూసుకునే గులాబీ కావాలంటే ఇది కాదు.

అది కావాలంటే ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ ఆస్టిన్ రకాలు చూడండి. పాత గులాబీల గిన్నెలాంటి నిండు రూపాన్ని, సువాసనను, ఆధునిక గులాబీల మళ్లీమళ్లీ పూసే గుణంతో కలపాలని ఆయన పట్టుబట్టాడు. 1961లో వచ్చిన 'కాన్‌స్టన్స్ స్ప్రై' ఏడాదికి ఒక్కసారే పూసేది. 1983 నాటి పసుపు 'గ్రాహమ్ థామస్' విడతలవారీగా పూస్తుంది. పట్టుదల ఫలించిందనడానికి ఆ తేడాయే సాక్ష్యం. వీటి తోట రకాలను కోసి పెడితే చాలావరకు కొద్దిరోజుల్లోనే రేకులు రాలుస్తాయి. కోతకోసం ఆ సంస్థ వేరే వరుస తయారుచేసింది, 'జూలియట్' అందులోదే.

మినియేచర్లు, అంటే చిట్టి గులాబీలు, కుండీలకు, పాకే రకాలు గోడలకు, పందిళ్లకు. వాటి కత్తిరింపు వేరుగా ఉంటుంది కనుక విడిగా చెప్పుకుందాం.

కోతకు

కోత గులాబీల్లో రెండు దారులున్నాయి. ఒకటి కాడకు ఒకే పువ్వు: ఇందులో పక్కమొగ్గలు బఠాణీ గింజంత కాకముందే గిల్లేస్తారు, బలమంతా నడిమి మొగ్గకు పోతుంది. రెండోది స్ప్రే: ఇందులో నడిమి మొగ్గనే తీసేసి పక్కవన్నీ ఉంచుతారు, అన్నీ ఇంచుమించు ఒకేసారి విచ్చుతాయి. రకం కొనేటప్పుడే ఏ దారిదో అడగాలి. స్ప్రే రకాన్ని ఎంత గిల్లినా పెద్ద పువ్వు కాదు.

ఎరుపులో 'గ్రాండ్ గాలా', 'ఫ్రీడమ్', 'రెడ్ నయోమి', తెలుపులో 'అవలాంచ్' అంతర్జాతీయ వ్యాపారంలో పేరున్న పేర్లు. మంచి కోత రకం, సరిగా కోస్తే, కూజాలో పది రోజులు దాటి నిలుస్తుంది. మార్కెట్‌లో కాడ పొడవును పది సెంటీమీటర్ల మెట్లుగా విడదీస్తారు: 40, 50, 60 అలా పైకి. పొడుగు కాడ, పెద్ద తల ఇచ్చే రకంలో ఒక్కో మొక్కకు వచ్చే కాడల సంఖ్య తక్కువ. చిన్న తల రకాలు ఎక్కువ కాడలిస్తాయి. అమ్మకానికి వేసేవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

వాతావరణం కూడా రకంతో సమానంగా పనిచేస్తుంది. చల్లని రాత్రుల్లో మొగ్గ నిదానంగా పెరిగి తల పెద్దదవుతుంది. వేడిలో అదే రకం త్వరగా విచ్చి చిన్న పువ్వునిస్తుంది. ఈక్వడార్, కొలంబియా, కెన్యా దేశాల తోటలు భూమధ్యరేఖకు దగ్గరగా, ఎత్తైన పీఠభూముల మీద ఉండటానికి ఇదొక పెద్ద కారణం. ఏడాదంతా వెలుగు, దాంతోపాటు చల్లదనం. అక్కడి పువ్వును చూసి అదే రకాన్ని ఉక్కపోత మైదానంలో నాటితే ఆ తల సైజు రాదు.

వాసన సంగతి

"కోత గులాబీలకు వాసనెందుకు ఉండదు?" అని అడగని విద్యార్థి లేరు. దశాబ్దాలపాటు ఎంపికంతా నిల్వ, కాడ, రూపం మీదే జరిగింది. ఆ దారిలో వాసన జారిపోయింది. సువాసన బాగా ఉన్న రకాలు సాధారణంగా త్వరగా వాడతాయి కూడా. 2015లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు వాసనగల 'పాపా మెయాఁ'ను, వాసనలేని 'రూజ్ మెయాఁ'ను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. గులాబీ పరిమళంలో ముఖ్యమైన జెరానియాల్ తయారీకి తోడ్పడే ఒక ఎంజైమ్ మొదటి రకంలో చురుగ్గా ఉందని, రెండోదానిలో దాదాపు లేదని తేలింది.

రెండు పనులకూ కొంత పనికొచ్చే రకాలు లేకపోలేదు. 1954 నాటి 'క్వీన్ ఎలిజబెత్' నిలువెత్తు మొక్క, పొడుగు కాడలు, గులాబీ రంగు, వాసన స్వల్పం. 1964 నాటి 'మిస్టర్ లింకన్' ముదురు ఎరుపు, కాడ పొడుగు, వాసన గాఢం, కానీ కూజాలో నిల్వ తక్కువ. 1977 నాటి 'డబుల్ డిలైట్' మీగడ రంగు రేకుకు ఎర్ర అంచు. ఎండ తగిలేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతుంది. ఇంటివాడకానికి కోసుకునేవారికి నేను 'మిస్టర్ లింకన్' చెబుతాను. నాలుగు రోజులే నిలిచినా ఆ నాలుగు రోజులూ గదంతా గులాబీ ఉందని తెలుస్తుంది.

పేరు చదవడం

ఒకే రకం వేర్వేరు దేశాల్లో వేర్వేరు పేర్లతో అమ్ముడవుతుంది. 'పీస్' ఫ్రాన్స్‌లో 'మదామ్ ఎ. మెయాఁ', జర్మనీలో 'గ్లోరియా దేయి', ఇటలీలో 'జోయా'. 'ఐస్‌బర్గ్' అసలు జర్మన్ పేరు 'ష్నీవిట్‌చెన్'. అందుకే ఆధునిక రకాలకు ఒక సంకేతనామం కూడా ఉంటుంది. దాని మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలు రూపొందించిన సంస్థను సూచిస్తాయి: కార్డెస్ రకాలకు 'కోర్', ఆస్టిన్ రకాలకు 'ఆస్', మెయాఁ రకాలకు 'మెయి'. చీటీమీద సంకేతనామం ఉంటే ఆ మొక్క ఎవరిదో తెలుస్తుంది. చీటీయే లేకుండా 'ఎర్ర గులాబీ' అని మాత్రమే చెప్పి ఇచ్చే మొక్కను పాఠం నేర్చుకునే దశలో కొనకండి. పేరు తెలియని మొక్క ఎలా పెరుగుతుందో ముందుగా చెప్పడం కుదరదు. కొత్త రకాలకు రూపకర్తల హక్కులు వర్తిస్తాయి. అనుమతి లేకుండా అంట్లు కట్టి అమ్మకూడదు.

ఈ వారం అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న మూడు రకాలను ఎంచుకోండి. ఒక్కోదానికి నోటుపుస్తకంలో ఒక పేజీ. ముందు ఒక పువ్వును విప్పి రేకులు లెక్కపెట్టండి. ఎనిమిది వరకు ఉంటే ఒంటిరేకు, 9 నుంచి 16 అయితే అరముద్ద, 17 నుంచి 25 అయితే ముద్ద, 26 నుంచి 40 అయితే నిండు ముద్ద, ఆపైన మరీ నిండు. రేకులు మరీ ఎక్కువైతే ఎడతెగని వానల్లో మొగ్గ విచ్చకుండానే కుళ్లే ప్రమాదం ఉంది. ఆ సంగతి పక్కన రాయండి.

తర్వాత ఒక్కో రకం నుంచి ఒకే దశలో ఉన్న రెండు మొగ్గలను గుర్తుపెట్టండి. రక్షక పత్రాలు (మొగ్గను కప్పి ఉండే ఆకుపచ్చ తొడుగులు) వెనక్కి వాలి, బయటి రేకు ఒకటి రెండు వదులవుతున్న దశ అది. పసుపు రకాలను ఇంకాస్త బిగువుగా ఉన్నప్పుడే కోయవచ్చు. ఒక మొగ్గను మొక్కమీదే వదిలేయండి. రెండోదాన్ని తెల్లవారుజామున కోసి వెంటనే శుభ్రమైన నీళ్లలో పెట్టండి. నీటిలో మునిగే ఆకులు తీసేయండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, కాడ చివర కొంచెం కొత్తగా కోయండి. రెండు పూలూ ఎన్ని రోజులున్నాయో, ఎలా పోయాయో రాయండి. మొగ్గ విచ్చకుండానే మెడ వాలిందా? కాడలో నీటి దారి మూసుకుపోయిందని అర్థం. కూజా శుభ్రం చేసి అదే రకంతో మళ్లీ ప్రయత్నించండి. విచ్చి రేకులు గలగలా రాలాయా? అది ఆ రకం స్వభావం, తోటకే ఉంచండి. రెండుచోట్లా సమానంగా నిలిచిన రకం దొరికితే ఆ పేజీ అంచు మడిచిపెట్టండి.

చివరగా ప్రతి మొక్కలో కింది మూడోవంతు ఆకులు ఉన్నాయో లేదో, మచ్చలు, తెల్లని బూడిద ఏమైనా కనిపించాయో రాయండి. ఐదో పాఠం కత్తిరింపు. హైబ్రిడ్ టీని ఎంత కిందికి కోయాలి, ఫ్లోరిబండాను ఎక్కడ ఆపాలి అన్నది తరగతిని బట్టి మారుతుంది కాబట్టి, అప్పటికి మీ మూడు పేజీలమీదా తరగతి పేరు రాసి ఉండాలి.