పెద్ద సంఖ్యల లోగుట్టు – 5వ పాఠం: భాగించకుండానే శేషం

గత పాఠంలో మూడేసి అంకెల గుంపులతో 7, 11, 13 పరీక్ష నేర్చుకున్నాం. ఈసారి దానికి లొంగని సంఖ్య ఒకటి: 4294967297. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

చివరి అంకె 7 కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 59 కాబట్టి 3 పోయింది. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులను ఒకటి తీసేస్తూ, ఒకటి కలుపుతూ చూస్తే 297 − 967 + 294 − 4 = −380. 380ని 7, 11, 13లలో ఏదీ నిశ్శేషంగా భాగించదు కాబట్టి అవీ పోయాయి. ఇక్కడికి మన పాత పనిముట్లు అయిపోయాయి.

ఈ సంఖ్య అసలు రూపం 2³² + 1. దీని అన్నలు 3, 5, 17, 257, 65537. అంటే 2కు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఇకపై వచ్చేవన్నీ అలాంటివేనని 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు, నిరూపించలేదు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ వచ్చి, ఆ వెంటనే ఉన్న ఆరో సంఖ్యకే 641 కారణాంకమని తేల్చాడు.

మనమూ తేల్చుదాం. పది అంకెల భాగహారం అక్కర్లేదు. కిటుకు ఇది: వర్గం చేయాలి, 641తో భాగించి శేషం మాత్రమే ఉంచుకోవాలి, ఆ శేషాన్నే మళ్లీ వర్గం చేయాలి. గుణిజాలను పారేసినా చివరి శేషం మారదు.

2⁸ = 256.
2¹⁶ = 256 × 256 = 65536. ఇందులో 641 × 102 = 65382 తీసేస్తే మిగిలేది 154.
2³² కోసం 154 × 154 = 23716. కానీ 641 × 37 = 23717!

ఒక్కటి తక్కువ. అంటే 2³²కు ఒకటి కలిపితే 641తో సరిగ్గా తెగుతుంది. ఈ ఒక్కటి దగ్గర నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండో కారణాంకం 6700417. అదీ ప్రధాన సంఖ్యే.

మరి 641నే ఎందుకు ప్రయత్నించాలి? 2 నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ వెళితే 641 వంతు 116వది. కానీ ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకమైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలి. 641 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577 మాత్రమే. 257 ఈ వరుసలోనిదే. వరుసలోని ఏ రెండు సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి దాన్నీ వదిలేయవచ్చు. ఈ 64 నియమానికి మూలం ఫెర్మా స్వయంగా చెప్పిన మరో సిద్ధాంతమే! తాళంచెవి జేబులో పెట్టుకునే ఆయన తలుపు తట్టకుండా వెళ్లిపోయాడు.

193తో చేసి చూపిస్తాను: 256కు శేషం 63. 63 వర్గం 3969, శేషం 109. 109 వర్గం 11881, శేషం 108. ఒకటి కలిపితే 193తో తెగాలంటే రావలసింది 192. కాబట్టి 193 కాదు.

449, 577 మీవి. కాగితం, కలం చాలు. 449 దగ్గర రెండో మెట్టులో శేషం 431 వస్తుంది. దాన్ని −18గా రాసుకోండి, పని సగమవుతుంది.